గుడి మైకు వినిపించే ఇల్లు

ఇల్లు–వాకిలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నమస్కారం. నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని, మా వారు రైల్వేలో పనిచేస్తారు. పద్నాలుగేళ్లుగా కాజీపేటలో కిరాయికి ఉంటున్నాం, ఇప్పుడు నెలకు 11 వేలు కడుతున్నాం. హన్మకొండలో వేయి స్తంభాల గుడి దగ్గరి సందుల్లో ఒక పాత ఇల్లు చూశాం. జాగ 150 గజాలు. ముందు భాగం 1988లో వేసిన స్లాబు, 700 అడుగులు. వెనక మూడు అర్రల పెంకుటిల్లు, మట్టి గోడలు, అది ఇంకా పాతది. చేదబావి ఉంది. సందు వెడల్పు 12 అడుగులు. గుడి మైకు వంటింట్లోకి వినిపిస్తుంది. మా అత్తమ్మకు అదే బాగా నచ్చింది.

72 లక్షలు చెబుతున్నారు. ఆ సందు మొదట్లో ఖాళీ జాగ గజం 40 వేలకు పోయిందట. అంటే జాగకే 60 లక్షలు, ఇల్లు మీకు 12 లక్షలకే పడుతోంది అంటున్నాడు బ్రోకర్. పైన ఇంకో అంతస్తు వేసి కిరాయికి ఇచ్చుకోవచ్చని కూడా అన్నాడు. పక్క సందులో ఇంతే జాగలో, ఇంతే పాత ఇల్లు బాగుచేయించి పెట్టింది పోయిన దసరాకు 76 లక్షలకు అమ్ముడైంది. మా మేస్త్రీ చూసి, 8 లక్షలు పెడితే కొత్త ఇల్లయిపోతుందన్నాడు. మా దగ్గర 24 లక్షలున్నాయి, మిగతాది లోను తీసుకుంటాం. అమ్మేవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్లు. మాట్లాడేది మాత్రం పెద్దన్న ఒక్కరే. రెండు లక్షలు తగ్గించమందాం, చాలు అంటారు మా వారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఎంతకు అడగాలి సార్?
– ఒక టీచర్, కాజీపేట

జవాబు: అమ్మా, మీ అత్తగారికి నచ్చిన మాటే నన్ను భయపెట్టింది. గుడి మైకు వంటింట్లోకి వినిపిస్తోందంటే గుడి ఎంత దూరంలో ఉన్నట్టు? బేరం సంగతి తర్వాత, ముందు అది తేలాలి.

వేయి స్తంభాల గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అలాంటి కట్టడాల రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఖిలా వరంగల్ కోట కూడా ఇలాంటి రక్షిత కట్టడమే, అక్కడ ఉండేవాళ్లను అడగండి, ఈ మాటలు వాళ్లకు కంఠతా వచ్చు. నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడానికి అనుమతి ఉండదు. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతులకు అర్జీ పెట్టుకోవచ్చు. మీ ఇంటి ముందు భాగం 1988ది కాబట్టి ఆ దారి ఉంది. కానీ మరమ్మతు అంటే మరమ్మతే. పాతది పడగొట్టి అదే చోట మళ్లీ కడితే చట్టం దాన్ని మరమ్మతు అనదు. పైన అంతస్తు మాట అసలే లేదు. 200 మీటర్ల పట్టీలో పడితే కట్టుకోవచ్చు, దానికి మున్సిపాలిటీ అనుమతి ఒక్కటే సరిపోదు, నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ అనుమతి కూడా కావాలి.

ఆ దూరం కొలిచేది గుడి గోడ దగ్గర్నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు దగ్గర్నుంచి. ఫోన్ మ్యాపులో వేలు పెట్టి చూసి 120 మీటర్లుంది, పర్వాలేదు అనుకుని బయానా ఇచ్చేయకండి. సర్వేయరును పెట్టి కొలిపించండి. కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో కూడా అడగండి.

దీనికీ ధరకూ సంబంధం ఏమిటంటారా? బ్రోకర్ లెక్క మొత్తం జాగ విలువ మీదే నిలబడి ఉంది. గజం 40 వేలంటే, ఆ గజం మీద మనకు కావలసింది కట్టుకోగలిగినప్పటి మాట. పడగొట్టి కట్టే హక్కు లేనప్పుడు మీరు కొనేది జాగ కాదు, ముప్పై ఏళ్లు దాటిన స్లాబు, మట్టి గోడలూను. అప్పుడు ఆ 60 లక్షలు కాగితం మీద అంకెగానే మిగులుతాయి.

వంద మీటర్ల బయట ఉందనుకున్నా ఆ 40 వేలను నేను అలాగే మింగను. సందు మొదట్లో జాగ అంటే పెద్ద రోడ్డుకు తగిలి ఉంటుంది. మీది లోపల, 12 అడుగుల సందులో. రేపు పడగొట్టి కొత్తగా కడదామంటే రోడ్డు వెడల్పుకు కొంత వదలాలి, చుట్టూ సెట్‌బ్యాక్, అంటే కట్టకుండా ఖాళీ జాగ, వదలాలి. 150 గజాలు 150గా మిగలవు. ఆ జాగ కొన్నవాళ్లు ఎవరో కనుక్కుని, ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అడగండి. కొన్నవాడు చెప్పే రేటుకూ బ్రోకర్ చెప్పే రేటుకూ గజానికి నాలుగైదు వేల తేడా రావడం నాకు అలవాటే.

సరే, 100 మీటర్ల బయటే ఉందని తేలిందనుకుందాం. అప్పుడు ఎంత?

72 దగ్గర మొదలుపెట్టి కిందికి దిగకండి. 76 దగ్గర మొదలుపెట్టండి. పక్క సందులో బాగుచేసిన ఇల్లు 76 లక్షలకు పోయిందన్నారు కదా, మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన అంకె అదే. మీ ఇల్లు బాగుపడ్డాక ఎంత చేస్తుందో చెప్పేది అదొక్కటే. అక్కడి నుంచి బాగుచేసే ఖర్చు తీసేస్తూ వెనక్కి రావాలి. ఆ పక్క సందు కూడా ఇంతే వెడల్పా, ఆ ఇంటికి కార్లు పోతాయా అన్నది చూసుకోండి. తేడా ఉంటే 76ను కొంచెం దించండి.

ఇక మీ మేస్త్రీ 8 లక్షలు. మీరు పంపిన చీటీ చూశాను, క్యాలెండర్ కాగితం వెనక రాశాడు పాపం. పెయింటింగ్ 1.2, టైల్స్ 2, బాత్రూములు 1.5, వంటిల్లు 1.3, పెచ్చులూడిన చోట ప్లాస్టరింగ్ 0.8, పైన వాటర్‌ప్రూఫింగ్ 0.7, తలుపులు 0.5. కూడితే సరిగ్గా 8. అతను అబద్ధం చెప్పలేదు. కంటికి కనిపించినవన్నీ రాశాడు. కనిపించనివి మీరు అడగలేదు, అతను చెప్పలేదు.

చెక్కపట్టీల మీద పాత వైరింగు ఉందని మీరే రాశారు, ఎర్తింగ్ ఉందో లేదో తెలియదన్నారు. రెండు ఏసీలు, ఒక గీజరు పెట్టేవాళ్లు దాని మీద ఆధారపడలేరు. అది మొత్తం తీసేసి కొత్తది వేయించాలి, లక్షా ముప్పై వేలు. ఇనుప పైపులు మార్చి కొత్త లైను, కింద సంపు, పైన ట్యాంకు, ఇంకో లక్షా ఇరవై. వెనక సెప్టిక్ ట్యాంకూ మోరీ బాగుకు 60 వేలు. స్లాబుకు ప్లాస్టరింగ్ సరిపోదు, అది కింద చెబుతాను, దానికి అదనంగా లక్ష. పెంకుటింటి కప్పు దించి, చెదలు తిన్న వాసాలు మార్చి, మళ్లీ ఎక్కించడానికి లక్షా నలభై. చెత్త మోయడానికి 30 వేలు. నవ్వకండి. 12 అడుగుల సందులో రెండు బండ్లు ఆగి ఉంటే టిప్పర్ లోపలికి రాదు. మట్టంతా తట్టలతో సందు చివరిదాకా మోయాలి, కూలీ అక్కడే పోతుంది. ఇవన్నీ కలిపితే 5 లక్షల 80 వేలు. ముందు 8తో కలిపి 13 లక్షల 80 వేలు.

ఇవి మీరు చెప్పిన వివరాలను బట్టి నేను వేసిన లెక్క. ఇంకో ఇంటికి ఇవే అంకెలు పెట్టుకుని ఎవరూ బేరానికి దిగకండి.

దాని మీద నూటికి ఇరవై వేసుకోండి, 2 లక్షల 76 వేలు. పాత ఇంట్లో గోడ పగలగొడితే గానీ లోపల ఏముందో తెలియదు. ఆ ఇరవై మిగిలితే మీ అదృష్టం, నా ముప్పై ఏళ్లలో అది మిగలగా నేను రెండుసార్లే చూశాను. పని జరిగే ఐదు నెలలూ కాజీపేట కిరాయి తప్పదు, 55 వేలు. మొత్తం 17 లక్షల పైచిలుకు. 76లోంచి తీస్తే 59 లక్షలకు కాస్త తక్కువ.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. 59కి కొంటే బాగుచేసిన ఇల్లు కొన్నంతే అయింది కదా, నష్టం లేదు అనుకుంటారు. మరి ఆ ఐదు నెలలూ బడి నుంచి సరాసరి ఆ ఇంటికి పోయి, మేస్త్రీ రాలేదని ఫోన్లు చేసి, ఇసుక వచ్చిందా లేదా చూసుకునే తిప్పలకు కూలీ ఎవరిస్తారు? దానికి నేను 2 లక్షలు వేస్తాను. మీరు ఒకటే వేసుకోండి, మూడైనా వేసుకోండి, సున్నా మాత్రం వేయకండి. ఆ గుడి కళ్యాణ మండపాన్ని విప్పి మళ్లీ నిలబెట్టే పని ఏళ్లకేళ్లు సాగి, చివరికి 2024 శివరాత్రికి తెరిచారు. మీ ఇల్లు అంత కాలం పట్టదు గానీ, మేస్త్రీ చెప్పిన మూడు నెలల్లోనూ అవదు.

అలా 57 లక్షలు. ఇది మీరు అడగాల్సిన ధర కాదు, మీరు దాటకూడని ధర. అడగడం 51 దగ్గర మొదలుపెట్టండి.

72 చెబితే 51 అడగడం ఏం మర్యాద అని మీ వారు అంటారు. ఆయన ధోరణి నాకు తెలుసు, మా ఇంట్లోనూ నేనే అలాంటివాణ్ని. అందుకే ఈ అంకె ఒట్టినే చెప్పొద్దు, కాగితంతో పాటు చెప్పాలి. ఆ 13 లక్షల 80 వేల చీటీ శుభ్రంగా రాసుకుని, పెద్దన్న ముందు పెట్టి, ఒక్కొక్కటీ చూపించండి. ‘మీ ఇల్లు పనికిరాదండీ’ అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకండి. వాళ్లు ఆ ఇంట్లో పుట్టారు. వాళ్ల అమ్మ ఆ అర్రల్లోనే పోయి ఉండొచ్చు. ‘ఇల్లు మాకు నచ్చింది, దాన్ని నిలబెట్టడానికి ఇంతవుతుంది, అందుకని మేం ఇవ్వగలిగింది ఇది’ అనండి, చాలు.

అక్కడి నుంచి 54, తర్వాత 56, చివరికి 57. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా బదులుగా ఒకటి అడగండి. 54కు వస్తే ఇంటి పన్ను, నల్లా, కరెంటు బకాయిలు వాళ్లే కట్టాలి. 56కు వస్తే వెనక అర్రలో పెట్టిన సామాను రిజిస్ట్రేషన్‌కు ముందే ఖాళీ చేయాలి. ఆ ముందు దర్వాజ ఉంది చూడండి, మీరు పంపిన ఫొటోలో, చెక్కడం పని ఉన్న టేకు దర్వాజ, అది ఇంటితో పాటే అని అగ్రిమెంటులో రాయించండి. ఇలాంటి దర్వాజలూ స్తంభాలూ కొనేవాళ్లు ఊళ్లలో తిరుగుతూనే ఉంటారు. మట్టెవాడలో ఒకాయన ఇల్లు కొని, తాళం తీసుకుని వెళ్లేసరికి దర్వాజ స్థానంలో ప్లైవుడ్ తలుపు వేలాడుతోంది. అడిగితే ‘తలుపు ఉంది కదండీ’ అన్నారట.

వాళ్లు 60 కంటే దిగకపోతే? లేచి రండి. ఆషాఢం వచ్చిందంటే బేరాలు పల్చబడతాయి. నలుగురు పంచుకోవాల్సిన ఇంట్లో ఎవరికో ఒకరికి డబ్బు తొందర ఉండనే ఉంటుంది. ఫోన్ వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. రాకపోతే ఆ ఇల్లు మీది కాదు.

గుడి హద్దుకు 100 మీటర్ల లోపల ఉందని తేలితే మాత్రం పై లెక్క పక్కన పెట్టండి. పక్క సందు ఇల్లు కూడా ఆ లోపలే ఉందేమో చూడండి. ఉంటే, ఆ 76 ఇచ్చినవాడు తెలిసి ఇచ్చాడో, తెలియక ఇచ్చాడో. అప్పుడు నేనైతే 45 దగ్గర మొదలుపెట్టి 50 దాటను. ఈ 50 కూడికలతో వచ్చింది కాదు. రేపు మీరు అమ్మబోయినప్పుడు నాలాంటి ముసలాయన ఎవరో అవతలివాళ్లకు ఇదే కాలమ్‌లో ఇదే జవాబు రాస్తాడు కదా, దానికి వేసుకున్న తగ్గింపు.

ఇప్పుడు స్లాబు. గుడి దూరం తర్వాత ధరను అంతగా మార్చగలిగేది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

1997లో నేను ఇల్లు కొన్నాను. అప్పటికే ఇంజనీరుగా పదేళ్ల అనుభవం. ఊళ్లో వాళ్లందరి ఇళ్లూ తట్టి చూసినవాణ్ని, నా ఇంటికి వచ్చేసరికి తట్టలేదు. కారణం సిగ్గులేకుండా చెబుతాను. ఇల్లు అప్పుడే కొత్తగా పెయింట్ వేసి ఉంది, తెల్లగా మెరిసిపోతోంది, మా ఆవిడ ముఖం వెలిగిపోయింది, నేను కరిగిపోయాను. మొదటి వానాకాలం దాటలేదు. ఒక రాత్రి మా అమ్మ నీళ్ల కోసం లేచి వంటింట్లోకి వెళ్లింది. వెనక పెద్ద చప్పుడు. ఆమె పడుకున్న మంచం మీద, సరిగ్గా దిండు దగ్గర, జొన్నరొట్టె అంత పెచ్చు. పైన చూస్తే నల్లటి ఇనుప చువ్వలు, పొరలు పొరలుగా తుప్పు. ఆ రోజు నుంచి కొత్త పెయింట్ వేసి అమ్మే పాత ఇల్లంటే నాకు అనుమానం. మీరు చూసిన ఇంటికి పెయింట్ వేయలేదన్నారు, అది మంచి మాటే.

జరిగేది ఏమిటంటే, పైన వాటర్‌ప్రూఫింగ్ పోయి నీళ్లు ఏళ్ల తరబడి లోపలికి దిగుతాయి. లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి, కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. అదే పెచ్చులూడటం. దాని మీద మేస్త్రీ సిమెంటు పూస్తే పుండు మీద పౌడరు పూసినట్టే. ఊడినదంతా కొట్టేసి, చువ్వను తుప్పు పోయేదాకా గీకి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో (సిమెంటు మాలుతో) నింపాలి. అదనంగా లక్ష వేసింది అందుకే.

మీరే పరీక్షించొచ్చు. ఒక నిచ్చెన, చెక్క పిడి ఉన్న సుత్తి పట్టుకుని, పిడి వైపు నుంచి స్లాబు అడుగున మెల్లగా తడుతూ పోండి, అడుగుకు ఒకసారి. గట్టి చోట ‘టంగ్’ మంటుంది. ఊడబోయే చోట పగిలిన మట్టి కుండను తట్టినట్టు ‘డబ్’ మంటుంది. చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి, టీచర్ కదా, బ్యాగులో ఉండే ఉంటుంది. ఒక గదిలో నాలుగైదు చోట్ల అయితే నా లెక్క సరిపోతుంది. గదిలో సగం స్లాబు డొల్లగా మోగినా, బయటపడ్డ చువ్వ తుప్పు తిని బాగా సన్నబడిపోయినా ఆగిపోండి. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. స్లాబు మార్చాలని అతను అంటే ఈ 57 చించేయండి, మళ్లీ మొదటి నుంచి లెక్క.

గోడలు కూడా. ముందు భాగం పిల్లర్లు లేకుండా తొమ్మిది అంగుళాల ఇటుక గోడల మీదే నిలబడి ఉందని ఫొటోల్లో కనిపిస్తోంది. అలాంటి ఇంట్లో హాలు పెద్దది చేద్దామని మధ్య గోడ తీయకూడదు, అది పైకప్పును మోస్తోంది. పైన అంతస్తు కూడా పునాది తవ్వి చూడకుండా వేయలేం. బ్రోకర్ అమ్ముతున్న ఆ అంతస్తు ప్రస్తుతానికి గాలిలోనే ఉంది, దానికి పైసా ఇవ్వకండి. గోడల కింద మోకాలి ఎత్తు వరకు ఎక్కడైనా కొత్తగా టైల్స్ అంటించి ఉంటే, వాటి వెనక చెమ్మ ఉందేమో అని అనుమానించండి.

ఒకసారి వానలో వెళ్లండి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో మీకు తెలుసు. ఇంటివాళ్లను అడిగితే ‘మా సందులోకి నీళ్లే రాలేదు’ అంటారు. ఎదురింటి ముసలమ్మను అడగండి, ఏ మెట్టు దాకా వచ్చాయో చూపిస్తుంది.

కాగితాల మాట తొందరగా చెబుతాను, ఇది లాయరు పని. తాతల ఆస్తి అయినా, తండ్రి సొంతంగా కొని వీలునామా రాయకుండా పోయినా ఆడపిల్లలకు వాటా ఉంది. తండ్రి 2005కు ముందే పోయినా తాతల ఆస్తిలో కూతుళ్ల హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. పెద్దన్న ‘చెల్లెళ్లకు కట్నాలిచ్చేశాం’ అంటే అది వాళ్లింటి ముచ్చట, మీకు మాత్రం నలుగురి సంతకాలూ కావాలి. తల్లి బతికి ఉంటే ఆమెదీ. 1983 నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. అంతకుముందుది ఆఫీసులో తీయించండి. బయానా ఇచ్చే రోజు ఆ అక్కచెల్లెళ్లు ఇద్దరూ మీ ఎదురుగా కూర్చుని ఉండాలి, ఫోన్లో ‘సరే అన్నారు’ కుదరదు.

ఇక డబ్బు. ఇక్కడ మీ లెక్కలో ఒక చిల్లు ఉంది. 57 లక్షల ఇంటికి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బ్యాంకు ఎక్కువలో ఎక్కువ 80 శాతం ఇస్తుంది, అంటే 45 లక్షల 60 వేలు. మిగిలిన 11 లక్షల 40 వేలు మీవి. రిజిస్ట్రేషన్ ఖర్చు లోనులో కలవదు. 2021 జూలైలో పెంచినప్పటి నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం. 57 మీద 4 లక్షల 27 వేల పైన. బాగుచేయడానికి ఆ 13 లక్షల 80 వేలు, దాని మీద వేసిన ఇరవై శాతం కలిపి 16 లక్షల 56 వేలు. అన్నీ కలిపితే మీ చేతి నుంచి 32 లక్షల పైమాటే. మీ దగ్గర 24 ఉన్నాయి.

కాబట్టి ఎనిమిది లక్షల తేడాకు ముందే దారి చూసుకోండి. మరమ్మతులకు బ్యాంకులు వేరే లోను ఇస్తాయి, ఇంటి లోనుతో పాటే అడగండి. లేదా పెంకుటింటిని రెండేళ్లు తాళం వేసి వదిలేయండి, వానకు తడవకుండా పైన టార్పాలిన్ వేసి. స్లాబు, వైరింగు, నీళ్ల లైను ముందు చేయించండి. టైల్స్ ఆగగలవు. ఇది మీ అత్తగారికి నచ్చకపోవచ్చు.

పెద్దన్న ‘రిజిస్ట్రేషన్ తక్కువకు చేయించి మిగతాది చేతిలో పెట్టండి’ అంటాడు, దాదాపు ఖాయం. ఒప్పుకోకండి. కాగితం మీద తగ్గితే మీ లోను తగ్గుతుంది. ఇల్లూ జాగల లావాదేవీల్లో 20 వేలు, ఆపైన నగదు ముట్టుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు కూడా. ఇంకోటి, ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లే నూటికి ఒక రూపాయి పట్టుకుని పన్ను శాఖకు కట్టాలి. 57 మీద 57 వేలు. అది అమ్మేవాళ్ల డబ్బే, మీ జేబుది కాదు, కానీ కట్టకపోతే నోటీసు వచ్చేది మీకు. బేరం రోజే చెప్పేయండి, చివర్లో చెబితే అక్కడో గొడవ.

76 లక్షల ఇల్లు కొని ఉంటే రిజిస్ట్రేషన్‌కు 5 లక్షల 70 వేలు అయ్యేది. ఆ తేడా లక్షా నలభై వేలు మీకు మిగిలాయి. సర్వేయరుకు, లాయరుకు, స్ట్రక్చరల్ ఇంజనీరుకు వాడండి. బయానాకు ముందే వాడండి.

ఈశాన్యంలో బాత్రూమ్ ఉందని కూడా రాశారు. నా లెక్కలో దానికి రూపాయి లేదు. కానీ మన దగ్గర తర్వాత కొనేవాడు దాన్ని పట్టుకుంటాడు కాబట్టి, మీరూ బేరంలో పట్టుకోండి. 51 చెప్పేటప్పుడు ముందు వాస్తే ఎత్తండి. పెద్దన్న దాన్ని కాదనలేడు.

చేదబావి మాత్రం పూడ్చకండి, నీళ్లు ఉంటే జాలీ వేయించి ఉంచుకోండి.

ప్రశ్న: కరీంనగర్‌లో పాత ఇంటికి 55 లక్షలకు మాట కుదిరింది. బ్యాంకు తరఫున విలువ కట్టే వాల్యూయర్ మాత్రం ఇంటి విలువ 48 లక్షలే అన్నాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బ్యాంకు రేపు మీరు కంతులు కట్టకపోతే ఆ ఇల్లు అమ్ముకుని డబ్బు రాబట్టుకోగలదా అని చూస్తుంది. వాల్యూయర్ ఆ కళ్లతోనే కడతాడు, కొంచెం బిగించి. పదేళ్లుగా ఆ పని చేస్తున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా. బిగింపు ఒకటి రెండు లక్షలు ఉండొచ్చు. ఏడు లక్షలు బిగింపు కాదు, అతను ఏదో చూశాడు. రిపోర్టు కాపీ అడగండి. ఇంటి వయసు ఎంత వేశాడు, ప్లాను లేని భాగాన్ని వదిలేశాడా, జాగ రేటు ఎంత పట్టాడు అన్నవి అందులో ఉంటాయి. ఎక్కువసార్లు తేలేదేమిటంటే, వెనక వేసిన రేకుల షెడ్డూ పైన వేసిన గదీ అనుమతి లేకుండా కట్టినవి, అతను వాటిని లెక్కలోకే తీసుకోలేదు. అదే అయితే ఆ కాగితం తీసుకెళ్లి అమ్మేవాళ్లకు చూపించండి. లోను కూడా 55 మీద రాదు, 48 మీదే వస్తుంది, మిగతాది మీరే చేతి నుంచి పెట్టుకోవాలి.

ప్రశ్న: లోను రాకపోతే బయానా వాపసు ఇస్తారా?
– హుజూరాబాద్ నుంచి

జవాబు: అగ్రిమెంటులో రాసి ఉంటే ఇస్తారు. ‘ఫలానా తేదీలోగా బ్యాంకు లోను మంజూరు కాకపోతే బయానా మొత్తం తిరిగి ఇవ్వాలి’ అన్న ఒక్క వాక్యం, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో కూడా. బయానా చెక్కుతోనో, బ్యాంకు ద్వారానో ఇవ్వండి. నోటి మాట మీద ఇచ్చేసి ఇప్పుడు అడుగుతుంటే మాత్రం, మీ ఇద్దరికీ మధ్య ఉన్న పెద్దమనిషి దగ్గరికి ముందు వెళ్లండి, లాయరు నోటీసు తర్వాత.